గంజి కుండలో చెయ్యి

"చెంబు ఇటివ్వండి, అత్తయ్యా."

సంపూర్ణమ్మ ఇవ్వలేదు. చెంబును రెండు చేతులా పొట్టకు ఆనించుకుని మంచం పక్కన నిలబడింది. మంచం మీద మనవరాలు ప్రత్యూష. మూడేళ్ళ పిల్ల. పొద్దుటి నుంచి పదకొండుసార్లు అయింది. ఎనిమిదోసారి నుంచీ మలం లేదు. జిగట, జిగటలో నెత్తురు చారలు.

"పోసిన నీళ్ళు పోసినట్టే కిందికి పోతాయి," అంది సంపూర్ణమ్మ. "నలుగురిని కన్నదాన్ని. నాకు తెలీదూ? పొట్ట ఎండగడితేనే కట్టుకుంటుంది."

"నలుగురిలో ఇద్దరేగా మిగిలింది," అంది వెంకటరావమ్మ.

అనేశాక కోడలు తల దించుకుంది. మగ్గం గుంటలో కూర్చున్న అంకమ్మరావు పేక నేసే నాడె ఆపాడు. తల్లి వైపు చూడలేదు, పెళ్ళాం వైపూ చూడలేదు. తెగిన పోగు వెతుకుతున్నట్టు పడుగు మీదకు వంగాడు. పోగు ఏదీ తెగలేదు.

పక్కింట్లో, ఆ పక్కింట్లో మగ్గాలు ఆడుతున్నాయి. ఆ చప్పుడు సంపూర్ణమ్మకు దూరం నుంచి, నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టు వినిపించింది. ఈ మధ్య ఆమెకు అన్నీ అలాగే ఉన్నాయి. నిలబడితే నేల కాస్త కదిలినట్టు ఉంటుంది. కూర్చుంటే గోడ దగ్గరికి వచ్చినట్టు ఉంటుంది. ఎవరికీ చెప్పలేదు.

"నాయనమ్మా, నీళ్ళు," అంది ప్రత్యూష.

సంపూర్ణమ్మ చెంబును ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

ముందురోజు సాయంత్రం ఆరెంపీ డాక్టరు కృపానందం వచ్చి విరేచనాలు కట్టే బిళ్ళలు ఇచ్చి వెళ్ళాడు. రెండు వేశారు. రాత్రికి కట్టుకున్నాయి. ఇల్లంతా నిద్రపోయింది. తెల్లవారేసరికి పిల్ల పొట్ట కుండలా ఉబ్బింది, ఒళ్ళు కాలిపోయింది, ఆ పైన మళ్ళీ మొదలైంది. అత్తకు చెప్పకుండా వెంకటరావమ్మ సబ్‌సెంటర్‌కు కబురు పెట్టింది. ఆ సంగతి సంపూర్ణమ్మకు వీధిలో మోపెడ్ చప్పుడు వినపడ్డాకే తెలిసింది.

నర్సు మెహరాజ్ చెప్పులు గడప బయట విడిచి లోపలికి వచ్చింది. చల్లపల్లి నుంచి రోజూ ఆ మోపెడ్ మీదే వస్తుంది. నాలుగేళ్ళుగా ఈ ఊరి పిల్లలకు టీకాలు వేసింది ఆమే. వస్తూనే సబ్బు అడిగింది. చేతులు కడుక్కుని, తడి చేతులతోనే పిల్ల పక్కన కూర్చుంది.

పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలింది. మడత వెంటనే పోలేదు. నిదానంగా సర్దుకుంది. కనురెప్ప కిందికి లాగి చూసింది. ఏడిస్తే కన్నీళ్ళు వస్తున్నాయా అని అడిగింది. పొద్దున వచ్చాయి, ఇప్పుడు రావడం లేదని వెంకటరావమ్మ చెప్పింది. ఉచ్చ పోసిందా అని అడిగింది. ఒక్కసారి పోసిందట, పసుపు పచ్చగా.

"మామ్మగారూ, ఆ చెంబు నాకిస్తారా?"

ఇంటికి వచ్చిన మనిషి నీళ్ళు అడిగితే లేదనడం ఆ ఇంట్లో లేదు. సంపూర్ణమ్మ ఇచ్చింది. మెహరాజ్ ఆ నీళ్ళు వాసన చూసి పక్కన పెట్టి, కాచి చల్లార్చినవి ఉన్నాయా అంది. లేవు. పొయ్యి మీద పెట్టించింది. కాగాక తపేలాను తొట్టి నీళ్ళలో ఉంచి చల్లార్పించి, సంచిలోంచి ఓఆర్ఎస్ ప్యాకెట్ తీసి లీటరు నీళ్ళలో కలిపింది. చెంచాతో పట్టడం మొదలుపెట్టింది. మూడు చెంచాలకు పిల్ల కక్కింది.

"చూశారా," అంది సంపూర్ణమ్మ.

"చూశానండి. పది నిమిషాలు ఆగుదాం."

ఆగారు. మళ్ళీ పట్టింది, ఇంకా నిదానంగా, చెంచాకూ చెంచాకూ మధ్య మాట మాట్లాడుతూ. ఈసారి నిలిచింది.

మెహరాజ్ పట్టు వదలకుండా చెబుతుంది కానీ గొంతు పెంచదు. ఇవి మామూలు నీళ్ళ విరేచనాలు కావని, పేగు లోపల పుండు పడిందని, ఆ నెత్తురు అక్కడిదని చెప్పింది. కృపానందం ఇచ్చిన బిళ్ళల అట్ట తీసుకుని సంచిలో వేసుకుంది. బయటికి పోవలసిన క్రిముల్ని లోపల కట్టి పెడితే పుండు ఇంకా పెరుగుతుందని, ఆయనతో తాను మాట్లాడతానని అంది. కృపానందాన్ని ఒక్క మాట అనలేదు.

"పడుగు ఎండిపోతే ఏమవుతుంది, మామ్మగారూ?"

"తెగుతుంది."

"పిల్లా అంతే."

ఆ మాట తనకు తట్టి ఉండవలసిందని సంపూర్ణమ్మ అనుకుంది. పోయిన ఇద్దరూ మగపిల్లలే. ఒకడు ఏడాదిన్నర వాడు, రెండోవాడికి ఇంకా అడుగులు పడలేదు. ఇద్దరూ చివరిదాకా నీళ్ళే అడిగారు. పెద్దవాళ్ళు వద్దన్నారు కాబట్టి ఆమె పొయ్యలేదు. ముప్పై ఆరేళ్ళు అయింది. ఆ గొంతులు ఇప్పుడు ఈ గదిలోనే ఉన్నట్టు, ప్రత్యూష గొంతు వెనక నిలబడి ఉన్నట్టు ఆమెకు అనిపించింది.

మెహరాజ్ సిరప్ సీసా ఇచ్చింది. రోజుకు నాలుగుసార్లు, ఐదు రోజులు. తగ్గిందని మధ్యలో మానేస్తే లాభం లేదు. విరేచనం అయిన ప్రతిసారీ ఓఆర్ఎస్ పట్టాలి. తిండి మానిపించకూడదు. బియ్యం గంజి ఉప్పేసి పట్టొచ్చు, అరటిపండు పెట్టొచ్చు. రేపటికి జ్వరం దిగకపోయినా, ఆరుగంటలు ఉచ్చ పోయకపోయినా చల్లపల్లిలో ఆగకుండా బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

"ఇంకొక్కటి. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా? ఈ మధ్య తగ్గిందైనా సరే."

అంకమ్మరావు లేదన్నాడు. వెంకటరావమ్మ లేదంది. మెహరాజ్ సంపూర్ణమ్మ వైపు చూసింది.

"లేదు," అంది సంపూర్ణమ్మ.

"అడిగింది ఎందుకంటే, తగ్గినవాళ్ళ కడుపులో కూడా ఈ క్రిములు నెల దాకా ఉంటాయి. వాళ్ళకు తెలీదు. గోటి సందులో పదో ఇరవయ్యో మిగిలినా చాలు, ఇంకొకరికి పడుతుంది. పాపకు నేను మందిస్తా, తగ్గుతుంది. ఇంట్లోనే ఎవరి దగ్గరైనా ఉంటే మళ్ళీ వస్తుంది. రెండోసారి తట్టుకునే ఒళ్ళు కాదు ఇది."

సంపూర్ణమ్మ గోడకు ఆనుకుంది. గోడ చల్లగా తగిలింది.

కాలువకు కొత్తనీళ్ళు వదిలిన వారంలో ఆమెకు నాలుగు రోజులు పడింది. నెత్తురే. తెల్లవారకముందే లేచి కాలువ గట్టుకు పోయి వచ్చేది. మట్టితో చెయ్యి తోముకుని కాలువలోనే కడుక్కునేది. దానిమ్మ తొక్క కషాయం కాచుకుని తాగింది. వేడి చేసిందని కోడలికి చెప్పింది. తగ్గింది. పూర్తిగా కాదు. నాలుగు రోజులకు ఒకసారి పొట్టలో మెలిపెడుతుంది, జిగట పడుతుంది, పోతుంది.

మెహరాజ్ వెళ్ళబోతూ గడపలో కూర్చుని నోటు పుస్తకం తీసింది. ఆమెకు ఒకటి అర్థం కావడం లేదట. ఊరంతా తాగేది ఒకే చెరువు నీళ్ళు. పంచాయతీ వాళ్ళు క్లోరిన్ కలుపుతూనే ఉన్నారు. మిగతా వీధుల్లో ఒక్క కేసు లేదు. ఈ చేనేత వీధిలోనే పదహారు రోజుల్లో ఏడుగురు పిల్లలు. రోజూ కాదు, విడతలు విడతలుగా. తేదీలు చదివింది.

"ఇరవై మూడు, ఇద్దరు. ఇరవై తొమ్మిది, గోపీనాథ్‌గారి పాప, ఎదురింటి పిల్లాడు. ఆరున ఇద్దరు. నిన్న ఎనిమిదిన మీ పాప."

"ఇరవై ఒకటిన మాదే కదూ పడుగు?" అంది వెంకటరావమ్మ మొగుడితో. ఊరికే అంది. "ఇరవై ఏడున ఎదురింటి వాళ్ళది. మొన్న నాలుగున, ఆరున కూడా పడుగులు పడ్డాయి."

మెహరాజ్ తలెత్తింది. పడుగు నాడు పిల్లలు ఏం చేస్తారని అడిగింది.

ఏం చేస్తారు, గంజి తాగుతారు. అది ఆ వీధిలో ఎప్పటి నుంచో ఉన్నదే. ఎవరి పడుగుకైనా గంజి పెట్టే రోజు తెల్లవారుజామునే పడుగును వీధి పొడవునా చాస్తారు. వీధిలోని మగవాళ్ళు రెండు వైపులా నిలబడి కుంచెలతో గంజి పట్టిస్తారు. కొబ్బరినూనె కలపకముందు కుండలోంచి పిల్లలకు తలా ఒక గ్లాసు పోస్తారు. నూలుకు బలమిచ్చేది పిల్లలకూ ఇస్తుందని నమ్మకం. ఆ గంజి వీధి అంతటికీ కాచేది సంపూర్ణమ్మ.

ఇదంతా వెంకటరావమ్మే చెప్పింది. చెప్పేటప్పుడు గొంతులో కాస్త గర్వం ఉంది. అత్తతో ఎంత పోట్లాడినా ఆ గర్వం ఆమెకు ఉంది.

"బాగా ఉడుకుతుందా?"

"గంటన్నర ఉడకాల్సిందే. నూక కనపడకూడదు."

మెహరాజ్ ఆలోచించింది. పెన్ను మూత పెట్టింది. "అయితే అది కాదు. అంతసేపు కాగినదాంట్లో ఏముంటుంది?"

సంపూర్ణమ్మ విన్నది. మోపెడ్ వీధి మలుపు తిరిగిందాకా ఆ మాట ఆమె చెవిలోనే ఉంది. ఊపిరి తీసుకుంది. తన గంజి మీద తప్పు లేదని నర్సమ్మే చెప్పింది.

సాయంత్రానికి పిల్ల కళ్ళు తెరిచి చూసింది. ఐదుసార్లే అయింది. ఒకసారి ఉచ్చ పోసింది. వెంకటరావమ్మ ఆ సంగతి వీధిలోకి వెళ్ళి ఎదురింటి వాళ్ళకు చెప్పి వచ్చింది. ప్రత్యూష మంచం మీంచి వీధిలోకి చూస్తూ తెల్ల కాలువ ఎప్పుడు వస్తుందని అడిగింది. చాచిన పడుగును ఆ పిల్ల అలాగే అంటుంది. దాని కింద దూరి ఈ చివర నుంచి ఆ చివరకు పోవడం ఆ పిల్లకు ఆట. పైన పోగులు, పోగుల మధ్య నుంచి ఆకాశం. సంపూర్ణమ్మ కూడా చిన్నప్పుడు అలా పోయింది. అప్పుడు ఆ వీధికి చివర ఉండేది కాదు.

"పొద్దునే వస్తుందమ్మా. గోపీ వాళ్ళ పడుగు," అంది సంపూర్ణమ్మ.

"గంజి పెడదామా అత్తయ్యా? నర్సమ్మ పెట్టమందిగా," అని వెంకటరావమ్మ దగ్గరికి వచ్చింది. మధ్యాహ్నం తను అన్న మాట ఇంకా ఇద్దరి మధ్యా ఉంది. దాన్ని దాటడానికి ఆమె ఒక దారి వెతుక్కుంది. "మీరే కలపండి. నేను కలిపితే అది తాగదు. మీ చేతి గంజే కావాలంటుంది."

సంపూర్ణమ్మ నూకలు కడిగి పొయ్యి మీద పెట్టింది. ఉడికించింది, మెదిపింది, బట్టలో వడకట్టింది. చిక్కగా ఉంది. నీళ్ళ కుండలోంచి చెంబుడు చన్నీళ్ళు అందులో పోసింది. ఆ తర్వాత చెయ్యి పెట్టింది.

ఆ చెయ్యే ఆమె. గరిటెతో ఎవరైనా కలుపుతారు. సంపూర్ణమ్మ మణికట్టు దాకా చెయ్యి ముంచి, వేళ్ళు విప్పి, పైకెత్తుతుంది. చిటికెన వేలి చివర నుంచి గంజి ఒక పోగులా దిగాలి, తెగకుండా నేలను తాకాలి. అప్పుడే అది పడుగుకు పనికొస్తుంది. అలా చూసి చెప్పగలిగినవాళ్ళు ఆ వీధిలో ఇంకెవరూ లేరు. మొగుడు పోయాక ఇరవై రెండేళ్ళుగా ఆమెకు పేరంటాల పిలుపులు లేవు. పెళ్ళి పందిట్లో ముందు వరసలో చోటు లేదు. గంజి కుండ దగ్గరికి మాత్రం ఆమెనే పిలుస్తారు. ఆమె వచ్చిందాకా ఎవరూ కుంచె ముట్టరు.

గంజి పోగులా దిగింది. ఉప్పు వేసి గ్లాసులో పోసింది. పిల్ల సగం తాగింది. మూతి తుడుచుకుని నవ్వింది కూడా.

సంపూర్ణమ్మ చేతికి అంటిన గంజిని కొంగుకు తుడుచుకుంటోంది. వేళ్ళ మధ్య తుడిచింది. గోళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

గంజి గంటన్నర కాగింది. చెయ్యి కాగలేదు. పోసిన చన్నీళ్ళూ కాగలేదు.

ఆమె ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని చూసింది. మెహరాజ్ చదివిన తేదీలు ఒక్కొక్కటే వచ్చాయి. ఇరవై ఒకటి. ఆ వారమే తను గట్టుకు పోయి వచ్చి, మట్టితో కడుక్కుని, నేరుగా వచ్చి వీధి గంజి కుండలో చెయ్యి పెట్టింది. ఇరవై ఏడు. నాలుగు. ఆరు. నర్సమ్మ వెతుకుతున్నది ఇక్కడ ఉంది. ఆమె ఒళ్ళో, ఐదు వేళ్ళతో.

వెంకటరావమ్మ గ్లాసు తీసుకుని, మిగిలిన సగం పారబోయకుండా మూత పెట్టింది. మళ్ళీ అడిగితే పట్టొచ్చు అంది.

"అది పారబొయ్యి," అంది సంపూర్ణమ్మ.

"బావుందిగా?"

"చల్లారింది. పొద్దున వేరే కాద్దాం."

అసలు సంగతి చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఏడుగురు పిల్లలు. గోపీనాథ్ కూతురు ఆరు రోజులు ఆసుపత్రిలో సెలైన్ మీద ఉంది. వీధి వీధంతా ఒక్కసారి ఆమె చేతిని చూస్తుంది. ఆ తర్వాత ఎప్పటికీ చూస్తుంది. చెప్పకపోతే రేపు పొద్దున మళ్ళీ కుండ. చెప్పకుండా చెయ్యి పెట్టకపోతే ఎందుకు పెట్టలేదంటారు. రాత్రంతా ఆమె ఇటు తిరిగి పడుకుంది, అటు తిరిగి పడుకుంది. కళ్ళు మూసుకుంటే తెల్ల కాలువ కనిపించింది. దాని కింద ఇద్దరు పిల్లలు పోతున్నారు, నీళ్ళు అడుగుతూ.

తెల్లవారుజామున వీధిలో వెదురు బొంగులు నాటిన చప్పుడైంది. గోపీనాథ్ పడుగును విప్పుకుంటూ వీధి చివరి దాకా వెళ్ళాడు. ఎండ రాకముందే గంజి పట్టించాలి. ఎండ వస్తే గంజి పోగుల మీద గడ్డకట్టి కుంచెకు పడుగు తెగుతుంది. ఎనిమిదిమంది మగవాళ్ళు కుంచెలు తడిపి నిలబడ్డారు. పిల్లలు గ్లాసులతో వచ్చారు. గోపీనాథ్ కూతురు ముందు ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ పిల్ల గౌను భుజాల మీంచి జారుతోంది.

సంపూర్ణమ్మ కుండ దించింది. అంకమ్మరావు అందులో చన్నీళ్ళు పోశాడు.

"కానివ్వు పెద్దమ్మా," అన్నాడు గోపీనాథ్. "తూరుపు తెల్లబడుతోంది."

ఆమె కుండ ముందు కూర్చుంది. ఆవిరి తగ్గింది. గంజి మీద చిన్న పొర కట్టింది. చెయ్యి చాపి, కుండ అంచు దాకా తీసుకెళ్ళి, ఆపింది.

"అలవాటు తప్పిందా ఏంటి పెద్దమ్మా?" అన్నాడు ఎవరో. నలుగురు నవ్వారు.

"అంకయ్యా, గరిటె తీసుకురా. మీ ఆవిడని సబ్బుతో చేతులు కడుక్కుని రమ్మను," అంది సంపూర్ణమ్మ. "పిల్లలకు పొయ్యకండి. ఈ పూట ఎవరికీ వద్దు."

"గరిటెతో నీకు పాకం ఎలా తెలుస్తుంది?" అన్నాడు గోపీనాథ్. "నువ్వు చెయ్యి పెట్టు."

"పెట్టను, గోపీ."

"ఏం?"

ఆమె చెయ్యి పైకెత్తింది. గంజి అంటని చెయ్యి. దాన్ని అలా వీధికి చూపిస్తూ కాసేపు కూర్చుంది.

"నాకు జబ్బుంది. నెత్తురు పడింది. కొత్తనీళ్ళ నాటి నుంచీ ఉంది. నేను చెప్పలేదు. నర్సమ్మ అడిగితే కూడా లేదన్నా."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కరికి అర్థమవుతూ వచ్చింది. కుంచెల నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. అంకమ్మరావు గరిటె పట్టుకుని గడపలోనే ఆగిపోయాడు. గోపీనాథ్ వీధి ఆ చివర నుంచి పడుగు పక్కగా నడిచి వచ్చాడు. వచ్చి ఆమె ముందు కాదు, కూతురు ముందు ఆగాడు. పిల్ల చేతిలోంచి గ్లాసు తీసుకుని బోర్లించాడు. అందులో ఏమీ లేదు. అయినా రెండుసార్లు విదిలించాడు.

అతను ఏమన్నా అంటాడని సంపూర్ణమ్మ ఎదురుచూసింది. అతను అనలేదు.

అన్నది వెంకటరావమ్మ. చేతులకు సబ్బు నురగ ఉంది. కడుక్కోవడం మధ్యలో వదిలేసి వచ్చినట్టుంది.

"నిన్న సాయంత్రం పాపకు కలిపింది ఏ చేత్తో, అత్తయ్యా?"

గొంతు పెంచలేదు. నర్సమ్మ అడిగినట్టే అడిగింది.

సంపూర్ణమ్మ తన చేతి వైపు చూసింది. అది ఇంకా పైకే ఉంది. ఎవరిదో చెయ్యిలా ఉంది. వీధి పొడవునా తెల్ల కాలువ కదలకుండా ఉంది. ఆ చివర మీదకు ఎండ వచ్చింది.

లోపల ప్రత్యూష లేచింది. నాయనమ్మను పిలిచి, ఆకలేస్తోంది, గంజి కావాలంది.